పది తూటాలు, ఒక రూపాయి బిళ్ళ

రైఫిల్ రేంజిలో ఆర్మరర్‌గా పనిచేశానని చెబితే కొత్తవాళ్లు ముందు నా భుజాల వైపు చూస్తారు, తర్వాత మీసాల కోసం వెతుకుతారు. రెండు చోట్లా నిరాశే. నేను ఈ హిందీ ప్రాంతపు ఉక్కు ప్లాంటు మెషిన్ షాపులో గేజీలు సరిచూసే ఫిట్టర్‌ని. కళ్లజోడు తీసేస్తే ఎదురుగా వస్తున్నది మా ఆవిడో పాలవాడో చెప్పలేను. అలాంటివాణ్ణి తెచ్చి టౌన్‌షిప్ రేంజిలో తుపాకుల గది తాళాలు చేతిలో పెట్టారు. పెట్టినాయన బదిలీ అయి వెళ్లిపోయాడు, నేను మాత్రం రిటైరయ్యేదాకా అక్కడే ఉండిపోయాను.

ఇప్పుడు నా కుర్చీలో కూర్చున్నాయన మొన్న టౌన్‌షిప్ పక్కనే రుఆబాంధాలో ఉన్న మా ఇంటికి వచ్చి, “సార్, మీ అనుభవాలు నాలుగు ముక్కలు రాసివ్వండి, మాలాంటివాళ్లకి పనికొస్తాయి” అన్నాడు. పాపం, ఆయన ఉద్దేశం నా గొప్పలు రాయమని. గొప్పలు చెప్పడానికి రిటైర్మెంట్ రోజున ముగ్గురు మైకు పట్టుకున్నారు. వాళ్లలో ఇద్దరు నా పేరు తప్పు చెప్పారు. అందుకని అవి వదిలేసి, నేను చేసిన ఒక వెధవపని గురించి రాస్తున్నాను. ఈ ఉద్యోగం మొత్తం అందులోనే ఉంది.

అసలు పని

ఆర్మరర్ అంటే తుపాకులకి నూనె రాసి బీరువాలో పెట్టేవాడనుకుంటారు. అది అరగంట పని. మిగతా కాలమంతా మేము చేసేది తూటాలకీ తుపాకికీ సంబంధం కుదర్చడం. పోటీల్లో వాడే చిన్న తూటాలు డబ్బాల్లో వస్తాయి. ఒకే కంపెనీ, ఒకే పేరు, ఒకే రంగు అట్ట. కానీ డబ్బా అంచున ఒక లాటు నంబరు అచ్చువేసి ఉంటుంది, అంటే ఆ డబ్బాలన్నీ ఒకే విడతలో తయారైనవని. ఒక లాటు తూటాలు పెడితే పదికి పదీ ఒకే చోట పడతాయి. పక్క లాటు పెడితే అదే తుపాకి చెల్లాచెదురుగా కొడుతుంది. ఎందుకో ఎవరూ చెప్పలేరు. విడిదిలో దిగిన పెళ్లివారిలాగా బ్యారెల్‌కి ఏది నచ్చుతుందో పెట్టి చూడాల్సిందే.

పెట్టి చూడటానికి ఒక పద్ధతి ఉంది. మనిషి చెయ్యి తగలకుండా రైఫిల్‌ని ఇనుప చట్రంలో బిగించి, యాభై మీటర్ల దూరాన కాగితం పెట్టి పది తూటాలు కొట్టాలి. ఆ పది చిల్లులూ రూపాయి బిళ్ళ కింద దాక్కుంటే ఆ లాటు పోటీలకి ఉంచుకోవాలి. దాక్కోకపోతే మామూలు ప్రాక్టీసుకి ఇచ్చెయ్యాలి. లాటు మార్చినప్పుడల్లా మొదటి ఇరవై తూటాలు లెక్కలోకి రావు, ఎందుకంటే బ్యారెల్ లోపల పాత తూటాలకి పూసిన మైనం పోయి కొత్తవాటి మైనం పట్టుకోవాలి. మే నెలలో డబ్బా స్కూటర్ డిక్కీలో మర్చిపోతే ఆ మైనం కరిగి తూటాలు పాకం ఉండల్లా అతుక్కుంటాయి. మర్చిపోయింది నేనే కాబట్టి ఇంత కచ్చితంగా చెబుతున్నాను.

అన్నిటికన్నా ముఖ్యం, ఒక రోజున ఒక్కటే మార్చాలి. తూటా మార్చిన రోజున తుపాకిని కర్రకి బిగించే స్క్రూ ముట్టుకోకూడదు. స్క్రూ తిప్పిన రోజున తూటా మార్చకూడదు. మార్చినదల్లా తేదీ వేసి నోటుబుక్కులో రాసుకోవాలి.

ఫోనులో వీడియోలు చూసి వచ్చినవాళ్లు, “విదేశాల్లో వేటగాళ్లు తమ రైఫిల్‌కి సరిపడేలా మందు తూచి తూటాలు తామే నింపుకుంటారట కదా, మనమూ చేద్దాం అంకుల్” అంటుంటారు. అక్కడి చట్టం వేరు, ఇక్కడి చట్టం వేరు. వాళ్లు తయారుచేసుకుంటారు, మనం ఏరుకుంటాం. ఓపిక మాత్రం ఇద్దరికీ ఒకటే కావాలి.

మా సెక్రటరీ గారు

ఒక్కటే మార్చాలన్న నియమాన్ని ఎరగని మనిషి మా క్లబ్బు సెక్రటరీ గారు. విశాఖపట్నం నుంచి వచ్చిన పెద్ద ఇంజినీరు. దబ్బపండు లాంటి మనిషి, గురి తప్ప అన్నీ ఉన్నాయి. మా ఆవిడ సత్యవతి ఒకసారి ఆయన కొట్టిన కాగితం చూసి, “ఇదేటి, ఎలక కొరికీసిందా?” అని అడిగింది.

ఆదివారం నాలుగు తూటాలు పక్కకి పడగానే ఆయన మొదలుపెట్టేవారు. “నాయుడూ, ఈ లాటు మార్చెయ్యి. ఆ స్క్రూలు కూడా కాస్త బిగించు. సైటు రెండు క్లిక్కులు పైకి తిప్పు. పనిలో పని, పట్టీ కూడా కొత్తది వేసెయ్యి.”

“సార్, అన్నీ ఒకేసారి మార్చీస్తే ఏది పన్చేసిందో మనకెలగ తెలుస్తాది?”

“తెలియడమెందుకయ్యా, పనిచేస్తే చాలదూ?”

పైవాళ్లతో వాదించడం నాకు చేతకాదు. అందుకని ఒక ఉపాయం పట్టాను. ఆయన చెప్పిన నాలుగూ శ్రద్ధగా విని, లోపలి గదిలోకి వెళ్లి, కాసేపు పానాల చప్పుడు చేసి, ఏమీ మార్చకుండా అదే రైఫిల్ తెచ్చి ఇచ్చేవాణ్ణి. ఆయన కొట్టి చూసి, “చూశావా, ఎంత తేడా!” అనేవారు. ఏళ్ల తరబడి ఇలాగే గడిపాం, ఇద్దరం సుఖంగా ఉన్నాం.

కొత్తవాళ్లు ఇది నేర్చుకోవచ్చు, దీనివల్ల ఏ తుపాకీ పాడవదు. పాడయ్యేది మనమే. పైవాణ్ణి చూసి లోపల్లోపల నవ్వుకుంటూ ఉంటే, తప్పులన్నీ ఆయనే చేస్తాడు, మనం చెయ్యం అన్న నమ్మకం పెరిగిపోతుంది. నాకు బాగా పెరిగింది.

కుమ్హారి కర్ర

ఒకరోజు దగ్గర్లోని కుమ్హారి అనే ఊరి నుంచి ఒక పెద్దాయన తాతగారి వేట రైఫిల్ పట్టుకుని వచ్చాడు. లైసెన్సు కాగితాలన్నీ ప్లాస్టిక్ సంచిలో భద్రంగా ఉన్నాయి. దాని గురి సరిచేసి పెట్టమన్నాడు. వేట బంద్ అయి ఎన్నేళ్లో అయింది, ఇప్పుడు దీనికి గురెందుకని అడిగాను.

“నాయుడు జీ, షికార్ నహీఁ కరనా హై. లేకిన్ నిశానా తో ఠీక్ రహనా చాహియే నా?” అన్నాడు.

వేటాడకపోయినా గురి సరిగా ఉండాలన్న ఆ మాట నాకు తెగ నచ్చింది. కానీ బ్యారెల్ లోపల తుప్పు పట్టి గుంటలు పడ్డాయి. దాన్ని పేల్చడం ప్రమాదమని చెప్పాను. ఆయన పద్ధతి ప్రకారం దాన్ని ఠాణాలో అప్పగించి, వెనక ఉండే కర్ర భాగాన్ని మాత్రం విప్పించుకుని తెచ్చి నాకిచ్చాడు. పాతకాలపు అక్రోటు కర్ర, గోధుమరంగు చారలతో చూడముచ్చటగా ఉంది.

అప్పటికి మా క్లబ్బుకి కొత్త టార్గెట్ రైఫిల్ ఒకటి వచ్చింది. దానికి ఆ కర్రని చెక్కి అమర్చాలనుకున్నాను. అలా అమర్చేటప్పుడు ఎవరో ఒకరి ఒంటికి కొలతలు తియ్యాలి. నేను తీసింది హేమకి.

నందిని అనే చోట ఉన్న సున్నపురాయి గనుల్లో డంపర్ నడిపే సింహాచలం కూతురు హేమ. వాళ్లది శ్రీకాకుళం, మా ఊరికి దగ్గరే. పిల్ల మాత్రం ఇక్కడే పుట్టింది, తెలుగులో అన్నం అడుగుతుంది, హిందీలో దెబ్బలాడుతుంది. పందొమ్మిదేళ్లు. చేతులు పొట్టి, అందుకని క్లబ్బులోని రైఫిళ్లన్నీ దానికి పొడుగే. పొడుగు తుపాకితోనే అందరికన్నా బాగా కొట్టేది. డిసెంబరులో రాష్ట్ర జట్టుకి ఎంపిక పోటీలు. సింహాచలం కూతురితో ముందే చెప్పేశాడు, ఈ ఒక్క ఏడాదే చూస్తాను, జట్టులోకి రాకపోతే మానిపించి కంప్యూటర్ కోర్సులో చేర్పిస్తానని.

మూడు నెలలు చెక్కాను. చెంప ఆనే చోటు, బొటనవేలు పట్టే చోటు, అన్నీ దాని కొలతకే. తర్వాత ఏడు లాట్లు తెప్పించి చట్రంలో పరీక్ష పెట్టాను. అయిదో లాటుకి పది చిల్లులూ కలిసి ఒకే చిల్లు అయ్యాయి. ఆ కాగితం మీద రూపాయి బిళ్ళ పెట్టి సెక్రటరీ గారికి చూపించాను. ఆయన చాలాసేపు చూసి, “బ్రహ్మాండం నాయుడూ” అని బిళ్ళ తీసి జేబులో వేసుకున్నారు.

షూటర్ తప్పు

ఆగస్టు అంతా హేమ ఆ రైఫిల్‌తో కొడుతుంటే కళ్లకి పండగ. సెప్టెంబరులో విశ్వకర్మ పూజ వచ్చింది. ఆ రోజు ప్లాంటులో క్రేన్లకీ లేతులకీ బొట్లు పెట్టి దండలు వేస్తారు, పనివాళ్లు పెళ్లాం పిల్లల్ని తెచ్చి తమ మెషిన్ చూపించుకుంటారు. నేనూ రేంజిలో రైఫిళ్లన్నిటినీ వరసగా పేర్చి పూజ చేశాను. మా వైపు ఆయుధ పూజ దసరాకి, అందుకని దసరాకి మళ్లీ చేశాను. ఏ దేవుడికీ లోటు చెయ్యలేదు.

ఈ రెండు పండగల మధ్యే హేమ గురి చెడింది. పదింట్లో ఎనిమిది మధ్యలో పడేవి, రెండు ఎటో వెళ్లిపోయేవి.

“అంకుల్, షాట్ అచ్ఛా థా, బాగానే కొట్టినాను. వేలు నొక్కినప్పుడే నాకు తెలుస్తాది కదా. అయినా అది ఎటో ఎల్లిపోనాది” అంది.

“లాటు నేను టెస్టు చేసినాను. కర్ర నేను చెక్కినాను. ఇంకేటి మిగిలింది? నువ్వే” అన్నాను.

రైఫిల్‌ని తీసుకెళ్లి మళ్లీ చట్రంలో బిగిస్తే గంట పని. బిగించలేదు. ఒకసారి నేను పరీక్ష చేసిన దాన్ని మళ్లీ పరీక్షించడం నాకే అవమానమనిపించింది. అదే రైఫిల్‌తో సెక్రటరీ గారు కూడా రెండు ఆదివారాలు కొట్టారు. ఆయనకీ చెదిరిపోయాయి. కానీ ఆయనకి ఎప్పుడు చెదిరిపోలేదు గనక? ఆ సాక్ష్యం చెల్లలేదు.

రేంజి రిజిస్టరులో ‘కారణం’ అని ఒక గడి ఉంటుంది. అందులో గుండ్రటి అక్షరాలతో ‘షూటర్ తప్పు’ అని రాశాను. ఒకసారి కాదు, వారం వారం రాశాను.

అంతటితో ఊరుకోకుండా పిల్లని బాగుచెయ్యడానికి దిగాను. ఊపిరి ఇలా కాదు అలా బిగబట్టమన్నాను. మోచెయ్యి లోపలికి జరపమన్నాను. ట్రిగ్గర్ మీద వేలి కొస కాదు, గణుపు పెట్టమన్నాను. మూడూ ఒకే వారంలో మార్పించాను. సెక్రటరీ గారు తుపాకికి చేసేది నేను మనిషికి చేశాను. ఆయన చేసినప్పుడు కనీసం పానాల చప్పుడుతో సరిపెట్టేవాణ్ణి. ఆ పిల్ల నా మాట నిజంగా నమ్మి, చెప్పినవన్నీ చేసింది.

దసరా తర్వాత మరీ ఘోరం. ఒక సాయంత్రం సింహాచలం డ్యూటీ నుంచి నేరుగా రేంజికి వచ్చాడు. ఒంటి నిండా సున్నపురాయి దుమ్ము.

“భయ్యా, నువ్వు నిజం చెప్పీయి. నా కూతురు గుంటకి ఇది వస్తాదా, రాదా? రాదంటే ఇప్పుడే మానిపించీస్తాను. ఆశ పెట్టి లాభమేటి?”

నేను రిజిస్టరు తిరగేశాను. నా చేతిరాతే నాకు సాక్ష్యంగా కనిపించింది. “ఈ యేడుకి కష్టమే, సింహాచలం” అన్నాను.

హేమ గుమ్మం దగ్గరే ఉంది. చేతి గ్లవ్ తీసి, మడత పెట్టి, సంచిలో పెట్టుకుని తండ్రి వెనకాల వెళ్లిపోయింది. హిందీలో దెబ్బలాడి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

చట్రం చెప్పింది

మర్నాడు పొద్దున్నే రైఫిల్‌ని చట్రంలో బిగించాను. పశ్చాత్తాపం వల్ల అని రాస్తే అందంగా ఉంటుంది గానీ అది అబద్ధం. రూపాయి బిళ్ళ కింద పది చిల్లులున్న కాగితం సింహాచలం చేతిలో పెట్టి, చూడు, తప్పు నాది కాదు అని చూపిద్దామని.

పది తూటాలు కొట్టి కాగితం తెచ్చుకుని చూస్తే, అచ్చం సెక్రటరీ గారు కొట్టినట్టుంది.

చట్రానికి ఊపిరి లేదు, మోచెయ్యి లేదు, వేలు లేదు. లాటు ఒక్కటే మార్చాను, చిల్లులు దగ్గరపడలేదు. మర్నాడు స్క్రూలు ఒక్కటే చూశాను, అయినా తేడా లేదు. మూడో రోజు బుద్ధొచ్చి నోటుబుక్కు తీశాను. హేమ స్కోరు రెండు మెట్లుగా దిగింది. మొదటి మెట్టు విశ్వకర్మ పూజ మర్నాడు. రెండోది దసరా తర్వాత మొదటి ప్రాక్టీసు రోజున.

భూతద్దం పట్టుకుని బ్యారెల్ మూతి దగ్గర చూశాను. తూటా బయటికొచ్చే అంచు చుట్టూ చిన్న పళ్లెంలా పల్లం ఉంటుంది. అందులో ఒక పక్కన నేను పెట్టిన గంధం, దాని మీద కుంకం, మళ్లీ దాని మీద దసరా గంధం, ఆ పైన తూటాల మైనమూ మసీ పేరుకుని రాయిలా గట్టిపడింది. తూటా బయటపడే క్షణంలో వెనక నుంచి వచ్చే గాలి అంచు చుట్టూ సమానంగా పోవాలి. ఒక పక్క అడ్డు ఉంటే తూటాని పక్కకి నెట్టేస్తుంది. ప్రతి వారం వెనక నుంచి గుడ్డ దూర్చి బ్యారెల్ తుడిచాను. మూతి వైపు ఒక్కసారి కూడా చూడలేదు. మిగతా రైఫిళ్లకి కర్ర మీద ఒక్క బొట్టుతో సరిపెట్టాను. ఇది నేను చెక్కిన ముద్దుల రైఫిల్ కదా, ప్రేమ కొద్దీ మూతికి కూడా పెట్టాను.

మొదట పడీ పడీ నవ్వాను. నవ్వు ఆగాక స్టూలు మీద కూలబడ్డాను. అరగంట నూనె పెట్టి నానబెట్టి పుల్లతో గీకితే మొత్తం ఊడొచ్చింది. పది తూటాలు కొడితే పదీ బిళ్ళ కింద దాక్కున్నాయి.

ఇంటికెళ్లి సత్యవతికి చెబితే, “మీరు తుపాకికి బొట్టెట్టినారు, అది మీకు నామం పెట్టినాది. బాగానే ఉన్నాది” అంది.

రిజిస్టరు

ఇప్పుడు సిగ్గుపడాల్సిన ముక్క. ఎవరికీ చెప్పకూడదనే అనుకున్నాను. లాటు మార్చాను, కుదిరింది అంటే సరిపోతుంది. సెక్రటరీ గారు భుజం తడతారు. సింహాచలాన్ని బతిమాలి ఇంకో నెల గడువు అడిగాను. హేమ వచ్చి శుభ్రమైన రైఫిల్‌తో కొట్టింది.

అయినా తూటాలు మధ్యలో పడలేదు. ట్రిగ్గర్ మీద వేలు పెట్టి తటపటాయించడం కళ్లారా చూశాను. ఊపిరి ఎప్పుడు ఆపాలో మర్చిపోయింది. ప్రతి షాట్‌కీ ముందు నా ముఖం వైపు చూస్తోంది. రైఫిల్ మూతిని రహస్యంగా గీకగలిగాను గానీ, పిల్లలో నేను పెట్టిన అనుమానాన్ని అలా గీకడం కుదరదు. తన తప్పేమీ లేదని తెలిస్తే తప్ప అది పాత పద్ధతికి వెళ్లలేదు. అది తెలియాలంటే తప్పు ఎవరిదో నేను చెప్పాలి.

తండ్రినీ సెక్రటరీ గారినీ కూడా పిలిచి, ముగ్గురి ముందూ చెప్పాను. హేమ ముఖం ఎర్రబడింది.

“ఛే హఫ్తే అంకుల్! ఆరు వారాలు! నేను ఇంట్లో గోడకేసి చూసుకుని వేలు నొక్కి నొక్కి చచ్చిపోయాను. చెయ్యి వణుకుతున్నాదని మమ్మీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తానన్నాది. మీరేమో హర్ హఫ్తే అదే రాసినారు, షూటర్ తప్పు, షూటర్ తప్పు!”

“నాదే తప్పమ్మా” అన్నాను. రిజిస్టరు తీసి ఆ గళ్లు కొట్టెయ్యబోయాను. చెయ్యి అడ్డం పెట్టింది.

“కాటియే మత్. కింద రాయండి. అందరికీ కనిపించాలి.”

రాశాను. ‘పై వారాల్లో షూటర్ తప్పు అని రాసినది తప్పు. తప్పు ఆర్మరర్‌ది. బ్యారెల్ మూతికి గంధం పెట్టాడు, మళ్లీ చూసుకోలేదు.’ ఇప్పటికీ ఆ పేజీ రేంజిలోనే ఉంది, వెళ్లి చూడొచ్చు.

సెక్రటరీ గారు కళ్లజోడు సవరించుకుని మొత్తం చదివారు. ఆయన ముఖం వెలిగిపోయింది. “అయితే నాయుడూ, నాకు ఇన్నాళ్లూ పడనిది కూడా ఇందుకేనన్నమాట!”

“అవును సార్” అన్నాను. ఆ రోజు అన్నీ నిజాలే చెబుదామనుకున్నాను గానీ, ఆ ఒక్కటీ నా వల్ల కాలేదు.

హేమ నన్ను క్షమించానని అనలేదు, నేనూ అడగలేదు. నేను మార్పించిన మూడింటినీ వెనక్కి తిప్పుకుంది, రోజుకి ఒక్కటి చొప్పున. మొదట వేలు, తర్వాత మోచెయ్యి, ఆఖరుకి ఊపిరి. ఎవరు చెప్పారని అడిగితే, “మీ నోటుబుక్ మొదటి పేజీలో మీరే రాసినారు” అంది, నా వైపు చూడకుండా.

డిసెంబరులో

ఎంపిక పోటీ రోజున నన్ను వెనకాల నిలబడొద్దంది. న్యాయమే. నేనూ సింహాచలం బయట ఎండలో బల్ల మీద కూర్చున్నాం. అతను వేరుశెనక్కాయలు కొన్నాడు. ఒక్కటి కూడా తినకుండా అన్నీ ఒలిచి నా చేతిలో పోశాడు. లోపల ఎవరు ఏది పేలుస్తున్నారో తెలియదు. నాకు దేవుడి పేరు తలుచుకోవాలంటే కూడా భయమేసింది.

గంట దాటాక హేమ వచ్చింది. జట్టులో ఆఖరి చోటు దానిది. సింహాచలం తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ అటు తిరిగాడు. నాకూ కళ్లజోడు మసకబారింది. హేమ రైఫిల్ పెట్టె నా పక్కన పెట్టి నిలబడింది.

“బ్యారెల్ ఏక్‌దమ్ సాఫ్, అంకుల్. లాట్ భీ అచ్ఛా. రెండు షాట్లు పోనాయి. వో దోనోఁ మేరే హైఁ, ఆ రెండూ నా తప్పే, నేను తొందరపడినాను. రిజిస్టర్‌లో రాయండి, షూటర్ తప్పు.”

“నెగ్గీసినావు కదే తల్లీ, ఇప్పుడదంతా ఎందుకు?”

“మీది మీరు రాసినారు కదా. నాది నాకు కావాలి.”

రేంజికి తిరిగొచ్చి రాశాను. ఆ మాట నా ఉద్యోగంలో లెక్కలేనన్నిసార్లు రాశాను. నిజమని ఖాయంగా తెలిసి రాసింది మాత్రం ఆ ఒక్కసారే.